ధ్రువనక్షత్రం తూర్పునుందా?

ప్రశ్న: రిటైరయ్యాక మనవడి ట్యాబ్‌లో స్టెల్లేరియం (ఆకాశంలోని చుక్కల్ని తెరమీద చూపించే యాప్) చూస్తుంటే, బడినాటి సైన్సు సరదా మళ్లీ పుట్టింది. కానీ ధ్రువనక్షత్రాన్ని తూర్పున చూపిస్తోందేమండీ? – ఓ పాఠకుడు, అమలాపురం

జవాబు: ముందు ట్యాబ్ కవరు తీసేయండి. మూయగానే తెర ఆరిపోయే కవర్లలో అయస్కాంతాలుంటాయి. లోపలి దిక్సూచిని అవే పక్కకి లాగుతాయి. డాబా స్లాబులోని ఇనుమూ అంతే. కాలవ గట్టు మీదికెళ్లి, లొకేషన్ ఆన్ చేసి, ట్యాబ్‌ను గాల్లో 8 అంకెలా నాలుగైదుసార్లు తిప్పండి. కొన్ని చవక ట్యాబ్‌లలో దిక్సూచి సెన్సరే ఉండదు. వాటిలో ఆకాశాన్ని వేలితో జరుపుకోవాల్సిందే.

ఇక సరిచూసుకోవడం. మీ ఊరి అక్షాంశం సుమారు 16.6 డిగ్రీలు, ధ్రువనక్షత్రం ఉత్తరాన దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది. చాచిన చేతి పిడికిలి 10 డిగ్రీలనుకుంటే, పిడికిలిన్నర పైచిలుకు. అటువైపు కొబ్బరితోట ఉంటే మాత్రం కనబడదు!