పెళ్ళి డీవీడీ కంప్యూటర్లో వస్తోంది, ప్లేయర్లో ఆడట్లేదు... కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి పెళ్ళి వీడియోకి 85 వేలు ఇచ్చాం. అతను మూడు డీవీడీలు ఇచ్చి 22 నెలలైంది. మంచం మీదున్న మా అమ్మ చూడాలని ఆశపడితే మొన్న ప్లేయర్లో పెట్టాం, ‘డిస్క్ ఎర్రర్’ అని వస్తోంది. అమ్మ ఒకటే ఏడుపు. కంప్యూటర్లో మాత్రం ఫైళ్ళు తెరుచుకుంటున్నాయి. వీడియోగ్రాఫర్ ఫోన్ ఎత్తడు. డిస్కుల్ని ఫైనలైజ్ చేస్తే (ఇక రాయడం అయిపోయిందని డిస్కుని మూసేస్తే) ఆడతాయని పక్కింటి కుర్రాడు అంటున్నాడు. 5 లక్షల పరిహారం అడగొచ్చా? (ఏలూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: డీవీడీ ప్లేయర్లో ఆడేలా ఇవ్వమని మీరు అడిగినట్టు ఎక్కడైనా రాసి ఉందా? బిల్లులోనో, కొటేషన్లోనో, కనీసం వాట్సాప్ మెసేజ్‌లోనో? కేసంతా అక్కడే ఉంది. కంప్యూటర్లో తెరుచుకుంటున్నాయంటే వీడియో పోలేదు, చాలామటుకు ఎంపీ4 ఫైళ్ళని మామూలు డేటా డిస్కులా రాసిచ్చి ఉంటాడు. పాత ప్లేయర్లు ‘వీడియో_టీఎస్’ ఫోల్డర్లోని వీఓబీ ఫైళ్ళనే (డీవీడీ వీడియో కోసం తయారుచేసే ఫైళ్ళనే) చదువుతాయి. మాట రాతలో లేకపోతే ‘ఫైళ్ళు ఇచ్చాను, మీ ప్లేయర్ పాతది’ అని అవతలి వకీలు రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. అందుకే ముందు కొన్న సినిమా డీవీడీ ఒకటి ఆ ప్లేయర్లో ఆడించండి, ఈ డిస్కుల్ని ఇంకో ప్లేయర్లో పెట్టి చూడండి, రెండూ ఫోన్లో వీడియో తీయండి.

ఆ కుర్రాడి చేతికి మాత్రం డిస్కులు ఇవ్వొద్దు. ఫైనలైజ్ చేసినంత మాత్రాన ఎంపీ4 ఫైలు డీవీడీ వీడియో అయిపోదు, పైగా ‘నేనిచ్చిన డిస్కుని వీళ్ళే మార్చేశారు’ అనే సాకు అవతలివాడికి మీరే అందించినట్టవుతుంది. హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోండి, దానివల్ల డిస్కుకి ఏమీ కాదు. ఆ కాపీతో ఏ స్టూడియోలోనైనా కొత్త డీవీడీ రాయించి అమ్మగారికి రేపే చూపించొచ్చు, రసీదు మాత్రం దాచండి. అసలు డిస్కులు కవర్లోంచి కదలకూడదు.

85 వేలు పోసి తెచ్చుకున్న వస్తువుని దాదాపు రెండేళ్ళు పెట్టి చూడకపోవడం ఏమిటండీ! 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్ళలోపే ఫిర్యాదు వేయాలి. లోపం మొన్న తెలిసింది కదా అని ధీమాగా ఉండకండి, డిస్కులు చేతికొచ్చిన రోజు నుంచే లెక్కేసుకోండి. ఫోన్లు చేసినా, లాయర్ నోటీసు ఇచ్చినా ఆ గడువు పెరగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కి ఉంది గానీ ‘చూసుకోలేదండీ’ అంటే అది కారణం కాదు.

5 లక్షల మాట మర్చిపోండి. దృశ్యాలు భద్రంగా ఉన్నాయి కాబట్టి డీవీడీలు మళ్ళీ చేయించిన ఖర్చు, ఎంతో కొంత పరిహారం, కేసు ఖర్చులు అడగండి. పోలీసు కేసు ఆలోచనా వద్దు, దీంట్లో మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించడం కష్టం.

ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, ప్లేయర్లో ఆడే డీవీడీలు 15 రోజుల్లో ఇవ్వమనండి. ఇవ్వకపోతే ఏలూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్లోనే వేయొచ్చు, అతను ఏ ఊరివాడైనా సరే. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు. నగదుగా ఇచ్చి ఉంటే బ్యాంకులో డ్రా చేసిన వివరాలు, ‘డబ్బు ముట్టింది’ అన్న మెసేజ్ ఏదున్నా వెతకండి. వాట్సాప్ చాట్ ప్రింట్లకి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఆ ప్రింట్లు మీ ఫోన్లోని చాట్ నుంచే వచ్చాయని ధ్రువీకరించే పత్రం) జతచేయండి, ఆ ఫోన్ మాత్రం కేసు తేలేదాకా అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు.