స్కాచ్ గొప్పదా, ఐరిష్ గొప్పదా? రాజోలు డాబా మీద మాకు తెలిసొచ్చింది

మీ ప్రశ్న చదివాను. అమలాపురంలో నలుగురు స్నేహితులు, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చిపెట్టిన మూడు విస్కీ సీసాలు: ఐరిష్ జేమ్సన్, స్కాచ్‌లైన బ్లాక్ లేబుల్, లఫ్రోయ్‌గ్ 10 (అంకె అంటే పీపాలో ఉన్న ఏళ్లు). వీటిలో స్కాచ్ (స్కాట్లాండు విస్కీ) గొప్పదా ఐరిష్ (ఐర్లండు విస్కీ) గొప్పదా, తేడా ఎలా పట్టుకోవాలి అని అడిగారు. ఇదే వాదన మా ఇంట్లో చాన్నాళ్లు నడిచింది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మాది రాజోలు వైపు. నేను, మా బావ, కొబ్బరి వ్యాపారం చేసే స్నేహితుడు, రిటైరైన లెక్కల మాస్టారు, మొత్తం నలుగురం. ఏడాదికి రెండు మూడుసార్లు కూర్చుంటాం. తాగడం కోసం కాదు, నిజంగా రుచి చూడటం కోసం. నలుగురికీ ఇదొక ఇష్టం.

మొదటిసారి మే నెలలో కూర్చున్నాం. రాత్రి తొమ్మిదైనా డాబా గచ్చు కాళ్లకి చురుక్కుమంటోంది. గ్లాసు ముక్కు దగ్గర పెడితే స్పిరిట్ ఘాటు తప్ప ఇంకేమీ లేదు. తట్టుకోలేక ఐసు వేశాం. ఐసు పడగానే ఉన్న కాస్త వాసనా ముడుచుకుపోయింది. మధ్యలో రొయ్యల వేపుడు. నీళ్లేమో బోరువి. సముద్రానికి దగ్గర ఊళ్లు కదా, మా బోరు నీళ్లలో ఉప్పు తెలుస్తుంది. చివరికి నాలుగు సీసాలూ ఒకేలా ఉన్నాయని తేల్చి లేచిపోయాం. మా బావ అంతదూరం నుంచి మోసుకొచ్చిన సీసాలవి. వాటిని అలా చేశామని నాకు చాలాకాలం బాధగా ఉండేది.

రెండోసారి సంక్రాంతి వెళ్లిన వారానికి. రాత్రిళ్లు చల్లగా ఉండే రోజులు. ఈసారి సీసాలు మాకు కనబడకూడదని మాస్టారు పట్టుబట్టారు. "లేబుల్ చూశాక మీ నాలుక మీ మాట వినదండీ, లేబుల్ మాటే వింటుంది" అన్నారు. వంటింట్లో మా చెల్లి పోసింది. గ్లాసుకి 15 మిల్లీలీటర్లు, అడుగున చాక్‌పీసుతో నంబరు. ఏ నంబరు ఏ సీసాయో కాగితం మీద రాసి మడిచి తన దగ్గరే పెట్టుకుంది. "అన్నయ్యా, మీ బావ ఇటు తొంగిచూస్తే చెప్పు, మొత్తం సింకులో పోసేస్తాను" అంది. బైకు తాళాలు కూడా ముందే తీసేసుకుంది. మీరూ ఆ పని మొదటే చేయండి.

నలుగురం మొదట మాట్లాడకుండా వాసన చూశాం. నాలుగో గ్లాసు దగ్గర మాస్టారు ఆగిపోయారు. దించారు, మళ్లీ ఎత్తారు. "ఇది మా నాన్నగారి చుట్టండీ. వెలుగుతున్నది కాదు. సగం కాల్చి ఆర్పేసి అరుగు మీద పెట్టేవారే, అది" అన్నారు. లంక పొగాకు చుట్ట తెలిసినవాళ్లకి అంతకంటే చెప్పక్కర్లేదు. మేం మళ్లీ వాసన చూస్తే అచ్చం అదే. "పొగ ఉందంటే స్కాచే, ఇంకో మాట లేదు" అన్నాడు మా బావ. మూడోది చిక్కగా, నాలుక మీద నూనె రాసినట్టు నిలిచింది. ఎండుద్రాక్ష, మిరియం లాంటి చిన్న మంట. అదీ స్కాచే అన్నాం. రెండోది తేలిగ్గా, నిమ్మతొక్క వాసనతో గొంతులో జారిపోయింది. అందరం ఐరిష్ అన్నాం. మొదటిది మామూలు స్కాచ్ అన్నాం, అదొక్కటీ నిజమైంది.

చెల్లి కాగితం విప్పి చదివింది. ఒకటి గ్లెన్‌లివెట్ 12. రెండు ఆకెన్‌టోషన్ 12, గ్లాస్గో దగ్గర తయారయ్యే స్కాచ్. మూడు రెడ్‌బ్రెస్ట్ 12, ఐరిష్. చుట్ట వాసన నాలుగోది కానెమారా, అదీ ఐరిషే. నాలుగింటిలో మూడు తప్పు. మా బావ కాగితం తీసుకుని స్వయంగా చదువుకున్నాడు. "అయితే ఇన్నాళ్లూ నేను మెచ్చుకున్నది పేరునేనా బావా?" అన్నాడు. ఆ రాత్రి తర్వాత మేం స్కాచా ఐరిషా అనే వాదన మానేశాం.

ఎందుకు తప్పాం? ఐరిష్ అంటే మూడుసార్లు బట్టీలో కాచి ఆవిరి పట్టింది, స్కాచ్ అంటే రెండుసార్లు అని మేం ఎక్కడో చదివి గట్టిగా పట్టుకున్నాం. చాలావరకు నిజమే. కానీ ఆకెన్‌టోషన్ వాళ్లు స్కాట్లాండులో ఉండి మూడుసార్లు కాస్తారు. ఇలా కాచడం పెరిగేకొద్దీ సరుకు తేలికవుతుంది, అందుకే దాన్ని ఐరిష్ అనుకున్నాం. పొగ సంగతీ అంతే. ఆ వాసన పీట్ వల్ల వస్తుంది. పీట్ అంటే బురద నేలల్లో నాచు, గడ్డి వేల ఏళ్లు కుళ్లి పేరుకుపోయిన మట్టి. తవ్వి ఎండబెడితే పిడకల్లా మండుతుంది. ఆ పొగతో బార్లీ ఆరబెడితే విస్కీలో ఆ వాసన నిలుస్తుంది. ఐర్లండులో పీట్ నేలలకి కొదవ లేదు, కాకపోతే అక్కడ ఇప్పుడు ఎక్కువమంది పొగ పెట్టరు. కానెమారా వాళ్లు పెడతారు. మరోవైపు పొగ విస్కీలకి పేరుమోసిన స్కాట్లాండు ఐలా దీవిలోనే బున్నహావెన్ అనే డిస్టిలరీ (విస్కీ తయారుచేసే చోటు) ఎక్కువగా పొగ లేని విస్కీ చేస్తుంది. చట్టం రెండు దేశాల్లోనూ దాదాపు ఒకటే: పీపాలో కనీసం 3 ఏళ్లు, సీసాలో కనీసం 40 శాతం ఆల్కహాల్. స్కాచ్‌కి పీపా ఓక్ చెక్కదే అయి ఉండాలి, ఐరిష్‌కి వేరే చెక్కా వాడొచ్చు.

అసలైన ఐరిష్ తేడా ఎక్కడుందంటే ఆ మూడో గ్లాసులో ఉంది. దీని గురించి నాకు చెప్పాలని ఉంటుంది ఎప్పుడూ. మన దగ్గర వరి విత్తనాలు నానబోసి, గోనె సంచుల్లో మండె కడతాం కదా, మొలక తెల్లగా తొంగిచూసే దాకా. మాల్ట్ అంటే అచ్చంగా అదే పని బార్లీకి చేయడం. మొలకెత్తేటప్పుడు గింజలోని పిండి చక్కెరగా మారడానికి సిద్ధమవుతుంది. సరిగ్గా అక్కడ ఆపి ఆరబెడతారు. స్కాచ్ సింగిల్ మాల్ట్‌లో మొత్తం ఇలా మొలకెత్తిన బార్లీయే, అదీ ఒకే డిస్టిలరీలో చేసింది. ఐర్లండులో 18వ శతాబ్దం చివర్లో మాల్ట్ మీద పన్ను పడేసరికి, పన్ను తగ్గించుకోవడానికి మొలకెత్తని పచ్చి బార్లీని కూడా కలపడం బాగా అలవాటైందని చెబుతారు. అలా తీసిన విస్కీనే సింగిల్ పాట్ స్టిల్ అంటారు, స్టిల్ అంటే విస్కీ కాచే పాత్ర. ఇప్పటి నిబంధన ప్రకారం మొలకెత్తింది కనీసం 30 శాతం, మొలకెత్తనిది కనీసం 30 శాతం ఉండాలి. ఆ చిక్కదనం, ఆ మిరియం మంట పచ్చి బార్లీ ఇచ్చినవే. పన్ను కోసం మొదలైన పని ఇంత మంచి రుచిగా నిలబడింది. కార్క్ కౌంటీలోని మిడిల్‌టన్‌లో తయారయ్యే రెడ్‌బ్రెస్ట్ ఈ తరహాకి మంచి ఉదాహరణ. ఐరిష్ అంటే మెత్తగా, తేలిగ్గా ఉంటుందని ఎవరైనా అంటే దీన్నొకసారి రుచి చూపించండి.

ఇక వాసనలకి పేర్లు. ఇంగ్లీషు వీడియోలు చూసి హెదర్ పువ్వు అనీ, గూస్‌బెర్రీ అనీ రాసుకోవద్దు. మనం ఎన్నడూ చూడని పువ్వు వాసన మన ముక్కుకి ఎలా తెలుస్తుంది? ఆ రాత్రి గ్లెన్‌లివెట్ గ్లాసు పట్టుకుని మా కొబ్బరి స్నేహితుడు "కురిడీ పగలగొడితే వచ్చే వాసన" అన్నాడు. రోజూ అటకల మీద కురిడీ కాయలు చూసే మనిషి. తర్వాత చదివితే తెలిసింది, అమెరికన్ ఓక్ చెక్కలో లాక్టోన్లు అనే పదార్థాలుంటాయి, వాటి వాసన కొబ్బరిదే. అమెరికాలో బర్బన్ (అక్కడి మొక్కజొన్న విస్కీ) తయారీకి ప్రతిసారీ కొత్త పీపా వాడాలని చట్టం, అందుకే పాత పీపాలు చాలా స్కాట్లాండుకీ ఐర్లండుకీ వెళ్తాయి. అంటే మన కోనసీమ ముక్కు సరిగ్గానే చెప్పింది. షెర్రీ (స్పెయిన్ వైన్) పీపాలో ఉన్నదైతే ఖర్జూరం, ఎండుద్రాక్ష, ఒక్కోసారి అరిసెల పాకం. మీ నలుగురూ మీ ఇంటి మాటలే రాసుకోండి, అవే నిజం.

మీ మూడు సీసాల సంగతికి వస్తాను. జేమ్సన్, బ్లాక్ లేబుల్ రెండూ బ్లెండ్లు, అంటే వేర్వేరు రకాల విస్కీలు కలిపి చేసినవి. ఒకదానితో ఒకటి పోల్చడం న్యాయమే. రెండింటిలోనూ నిలువు గొట్టం లాంటి కాలమ్ స్టిల్‌లో తీసిన తేలికపాటి గ్రెయిన్ విస్కీ (మొక్కజొన్న, గోధుమ లాంటి గింజలతో చేసేది) కలుస్తుంది. ఆ స్టిల్‌ని మెరుగుపరిచి 1830లో పేటెంట్ తీసుకున్నది ఏనియస్ కాఫీ, ఐర్లండులో ఎక్సైజ్ అధికారిగా పనిచేసినవాడు. డబ్లిన్ పెద్ద డిస్టిలరీలు దాన్ని పట్టించుకోలేదు. స్కాట్లాండువాళ్లు అందిపుచ్చుకుని బ్లెండ్లు చేసి ప్రపంచమంతా అమ్ముకున్నారు. 1970ల చివరికి ఐర్లండు దీవి మొత్తమ్మీద విస్కీ తీసే డిస్టిలరీలు మిడిల్‌టన్, బుష్‌మిల్స్ రెండే మిగిలాయి. ఐరిష్ విస్కీ మళ్లీ లేచింది ఆ తర్వాతే. బ్లాక్ లేబుల్‌లో వెనకాల సన్నగా పొగ ఉంటుంది, జేమ్సన్‌లో ఉండదు. ఆ ఒక్క తేడా మీద మనసు పెట్టండి, మొదటి రోజుకి చాలు.

లఫ్రోయ్‌గ్‌ని మాత్రం ఈ రెండింటి సరసన పెట్టి ఐరిష్ మీద తీర్పు చెప్పొద్దు. గాఢమైన పీట్ విస్కీని పొగ లేని బ్లెండ్‌తో పోలిస్తే అది రెండు దేశాల పోలికే కాదు. మూత తీయగానే టింక్చర్ అయోడిన్ వాసన కొడుతుంది, ఆసుపత్రి గుర్తొస్తుంది. అది పీట్ పొగలోని ఫినాళ్లు అనే పదార్థాల వాసన. మొదటి గుక్కకి నచ్చకపోయినా వదిలేయకండి. మాస్టారికి మూడోసారికి నచ్చింది. అన్నిటికంటే చివర్లో పోయండి, ఒకసారి అది నోట్లో పడ్డాక మిగతావి తెలియవు. గ్లాసు కూడా వేరేది పెట్టండి, కడిగినా వాసన పోదు.

గ్లాసంటే ఖరీదైనది అక్కర్లేదు. చెంబులా పొట్ట వెడల్పుగా, మూతి ఇరుగ్గా ఉంటే చాలు, వాసన లోపలే నిలబడుతుంది. మొదట నీళ్లు లేకుండా, తర్వాత అర చెంచా మంచి నీళ్లు వేసి చూడండి. నీళ్లు కలిపితే పాడవుతుందనేది అపోహ. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ యూనివర్సిటీ పరిశోధకులు కంప్యూటర్ సిమ్యులేషన్‌తో చూశారు. నీళ్లు కలిపి ఆల్కహాల్ తగ్గిస్తే పొగ వాసననిచ్చే గ్వాయకాల్ ద్రవం పైభాగానికి చేరుతుంది, అంటే మీ ముక్కుకి దగ్గరగా. విస్కీలు కలిపే నిపుణులు (బ్లెండర్లు) కూడా వాసన చూసేటప్పుడు ఆల్కహాల్‌ని దాదాపు 20 శాతానికి పలచన చేసే చూస్తారు. ఐసు, సోడా ఆ రాత్రికి వద్దు. ఆవకాయ, వేపుళ్లు అన్నీ అయ్యాక. మధ్యలో మరమరాలు, నీళ్లు చాలు. తలా మూడు గ్లాసులు, గ్లాసుకి 15 మిల్లీలీటర్లు. అంతకు మించితే ముక్కు పనిచేయదు.

రాతలయ్యాక ఇక తినడమే. కుండలో కాల్చిన తేగ పొట్టు తీసి, లఫ్రోయ్‌గ్ చుక్కతో తిని చూడండి. కాలిన తొక్క వాసన, ఆ పొగ ఒకటిగా కలిసిపోతాయి. జేమ్సన్‌కి ఆత్రేయపురం బెల్లం పూతరేకు బాగుంటుంది, నెయ్యి కాస్త ఎక్కువ పడ్డదైతే మరీను.

సీసాలు ఎప్పుడూ నిలబెట్టే ఉంచండి. వైన్ లాగా పడుకోబెట్టాలనుకుని మేమొక సీసాని బీరువాలో ఏడాది అడ్డంగా ఉంచాం. ఘాటుకి బిరడా మెత్తబడి, తీయబోతే లోపలికే విరిగిపోయింది. పల్చటి గుడ్డలో వడకట్టుకోవాల్సి వచ్చింది. సగం కంటే తగ్గిన సీసాని మన వేసవికి వదలకండి, చిన్న సీసాలోకి మార్చేయండి. మళ్లీ మీవాళ్లెవరైనా వస్తుంటే, విమానంలో సుంకం కట్టకుండా తేగలిగేది మనిషికి 2 లీటర్లే కాబట్టి, ఒకటి రెడ్‌బ్రెస్ట్, ఒకటి కానెమారా చెప్పండి. కానెమారాని లఫ్రోయ్‌గ్ పక్కన, లేబుళ్లు కనబడకుండా పెట్టి, మీ నలుగురూ ఏమన్నారో ఇక్కడ రాయండి. మా మాస్టారికి చదివి వినిపిస్తాను.