ముందు లెన్సు, ఆ తర్వాతే కెమెరా

అమ్మలూ,

ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పక్షుల ఫోటోలకీ వీడియోలకీ పనికొచ్చే తేలికపాటి మిర్రర్‌లెస్ కెమెరా, అంటే లోపల అద్దం లేనిది, చెప్పమన్నావు. నువ్వు రాసుకున్న జాబితాలో తొమ్మిది కెమెరాల పేర్లున్నాయి కానీ లెన్సు పేరు ఒక్కటీ లేదు. అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

పక్షులు తీసేవాళ్లు ముందు ఎంచుకోవాల్సింది లెన్సు. దానికి తగిన బాడీ, అంటే లెన్సు లేని కెమెరా, ఆ తర్వాత. బాడీలకు మూడు నాలుగేళ్లలో కొత్తవి వచ్చేస్తాయి, మంచి లెన్సు మాత్రం పదేళ్ల పైనే నీతో ఉంటుంది. బరువు సంగతీ అంతే. నువ్వు ప్రతి కెమెరా పక్కనా బాడీ బరువు రాసి, ఐదారు వందల గ్రాములు ఉన్నవాటికి టిక్కు పెట్టావు. కానీ నువ్వు మోసేది రెండిటినీ కలిపి. సోనీ ఏ6700 బాడీ బ్యాటరీ, కార్డుతో 493 గ్రాములు. దానికి 200-600 జూమ్ తగిలిస్తే లెన్సు ఒక్కటే 2,115 గ్రాములు. అదే బాడీకి 70-350 జూమ్ తగిలిస్తే లెన్సు 625 గ్రాములు, మొత్తం కిలో మీద వంద చిల్లర. బాడీ ఒకటే, మోత మాత్రం రెండింతల పైన తేడా. నీ జాబితాలో బాడీల బరువులన్నీ కొట్టేసి, జోడీల బరువులు రాసుకో.

నేను చాలా ఏళ్లు మూడు కిలోలు దాటిన సరంజామాతో తిరిగాను. పెద్ద లెన్సు ఉంటేనే పక్షి ఫోటో అని గట్టిగా నమ్మేవాణ్ణి. ఒక ఉదయం చెరువు గట్టున రెండు గంటలు నిలబడ్డాక చేతులు లాగేసి కెమెరాను సంచిలో పెట్టేశాను. అంతలో లకుముకి పిట్ట ఒకటి నాకు పదడుగుల దూరంలో కొమ్మ మీద వాలింది. నీళ్లలోకి దూకి, చేపతో వచ్చి మళ్లీ అదే కొమ్మ మీద కూర్చుంది. సంచి జిప్పు చప్పుడుకి ఎగిరిపోయింది. అంత దగ్గరగా ఆ దృశ్యం మళ్లీ నాకు దొరకలేదు. ఆ ఏడాదే తేలిక జోడీకి మారాను. నడిచే దూరం పెరిగింది, కెమెరా చేతిలో ఉండే సమయం పెరిగింది, మంచి ఫోటోల సంఖ్య కూడా పెరిగింది. నీకు తేలిక కెమెరా కావాలనడం సరైన ఆలోచనే. అది రాజీ పడటం అనుకోకు.

ఇక తేలిక ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్తాను. సెన్సార్ అంటే కెమెరా లోపల వెలుగును ఫోటోగా మార్చే పలక. ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు. మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సార్ 17.3 పొడవు, 13 వెడల్పు, అంటే విస్తీర్ణంలో దాదాపు నాలుగో వంతు. ఈ రెండిటికీ మధ్యలో ఏపీఎస్-సీ. సెన్సార్ చిన్నదయ్యేకొద్దీ అదే లెన్సు చూపించే దృశ్యం ఇరుకై, పక్షి ఫ్రేములో పెద్దగా కనిపిస్తుంది. 300 ఎంఎం లెన్సును మైక్రో ఫోర్ థర్డ్స్ మీద పెడితే ఫుల్‌ఫ్రేమ్ మీద 600 ఎంఎం లెన్సు చూపినంతే చూపిస్తుంది. ఏపీఎస్-సీలో ఒకటిన్నర రెట్లు, కానన్‌లో 1.6 రెట్లు. చిన్న పిట్టలు తీయాలంటే ఈ లెక్కలో 500కి తగ్గకుండా చూసుకో. 600 ఉంటే హాయి.

చిన్న సెన్సార్‌లో నాయిస్, అంటే ఫోటోలో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు, ఎక్కువ అని నీకు చాలామంది చెప్పి ఉంటారు. పెద్ద పక్షి దగ్గర్లో ఉండి ఫ్రేమంతా నిండితే ఆ మాట నిజమే. కానీ మనకు దొరికే పక్షి ఎప్పుడూ చిన్నదే, దూరంగానే ఉంటుంది. ఫుల్‌ఫ్రేమ్‌తో తీసినా ఇంటికొచ్చి మధ్య ముక్క కత్తిరించుకుంటాం. నాలుగో వంతే మిగిల్చుకున్నప్పుడు పెద్ద సెన్సార్‌లో మిగతా మూడు వంతులూ ఊరికే మోసినట్టే.

దూరపు పక్షి విషయంలో నేను చూసే లెక్క వేరే ఉంది. లెన్సు ఫోకల్ లెంగ్త్‌ను, అంటే దాని మీద రాసే ఎంఎం అంకెను, పక్కనే ఉండే ఎఫ్ నంబరుతో భాగించు. వచ్చేదే ఆ లెన్సులోకి వెలుగు వెళ్లే దారి వెడల్పు. 400 ఎంఎం, ఎఫ్ 8 అయితే 50 మిల్లీమీటర్లు. 300 ఎంఎం, ఎఫ్ 4 అయితే 75. వెడల్పు ఒకటిన్నర రెట్లయితే, అదే షటర్ స్పీడ్‌లో ఆ పిట్ట నుంచి అందే వెలుగు రెండింతల పైన ఉంటుంది. తెల్లవారుజామున, చెట్ల నీడలో నీ ఫోటో ఎంత శుభ్రంగా ఉంటుందో చాలావరకు ఈ అంకె చెప్పేస్తుంది. బరువు కూడా ఇక్కడే పెరుగుతుంది, ఎందుకంటే ఆ వెడల్పుకు తగిన గాజు కావాలి. నికాన్ 600 ఎంఎం ఎఫ్ 6.3 లాంటివి ప్రత్యేకమైన ఫ్రెనెల్ గాజుతో 95 మిల్లీమీటర్ల వెడల్పును కిలోన్నరలోపు ఇస్తున్నాయి. అద్భుతమైన పనితనమే, కానీ మొదటి లెన్సుగా నీకు అది వద్దు. జూమ్ లేకుండా అంత ఇరుకు దృశ్యంలో కదిలే పిట్టను వెతికి పట్టుకోవడానికి చాలా అలవాటు కావాలి.

బాడీ దగ్గరికొద్దాం. మెగాపిక్సెళ్ల గురించి బుర్ర పాడుచేసుకోకు. 20 ఉన్నా చాలు, 4కె వీడియో ఫ్రేముకి కావాల్సింది 8 పైచిలుకే. నువ్వు నిజంగా చూడాల్సింది ఆటోఫోకస్ పక్షి కన్నును గుర్తుపట్టి, కొమ్మలు అడ్డొచ్చినా వదలకుండా ఉంటుందా అన్నది. ఇప్పుడు పెద్ద కంపెనీలన్నిటి బాడీల్లోనూ పక్షిని గుర్తించే ఏర్పాటుంది. కొమ్మా రెమ్మా లేని ఆకాశంలో అన్నీ బాగానే పనిచేస్తాయి. పొద మధ్యలో కూర్చున్న పిచ్చుక మీద పెట్టి చూడు, తేడా అక్కడ తెలుస్తుంది.

రెండోది సెన్సార్ చదివే వేగం. దీని గురించి ప్రకటనల్లో ఎక్కువ రాయరు, పక్షుల వాళ్లకి మాత్రం ఇదే ప్రాణం. మిర్రర్‌లెస్‌లో చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షటర్ ఉంటుంది. అది దృశ్యాన్ని ఒక్కసారిగా పట్టుకోదు, పై వరుస నుంచి కింది వరుస దాకా వరుసగా చదువుతుంది. చదవడం నెమ్మదైతే ఆలోపు రెక్క కదిలిపోయి, ఫోటోలో వంగిన గరిటెలా వస్తుంది. వీడియోలో కెమెరాను పక్కకి తిప్పితే వెనకున్న చెట్లు ఏటవాలుగా కనబడతాయి. స్టాక్డ్ సెన్సార్ అని పిలిచే రకంలో ఈ చదవడం చాలా వేగంగా జరుగుతుంది. తేలిక కెమెరాల్లో 2022లో వచ్చిన ఓఎం సిస్టమ్ కంపెనీ ఓఎం-1 (సెన్సార్ మైక్రో ఫోర్ థర్డ్స్), అదే ఏడాది వచ్చిన ఫూజీఫిల్మ్ ఎక్స్-హెచ్2ఎస్ ఆ రకం. కానన్ ఆర్7 మంచి కెమెరాయే. ఎలక్ట్రానిక్ షటర్‌తో సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది, కానీ ఎగిరే పక్షికి ఆ వేగంలో రెక్కలు వంగుతాయి. దాంట్లో మెకానికల్ షటర్‌తో 15 ఫ్రేములు తీసుకోవడమే మేలు. కాకపోతే చప్పుడుంటుంది, దగ్గరున్న పిట్ట ఉలిక్కిపడొచ్చు.

ఇంకో సదుపాయం ఉంది, అది వచ్చాక నా ఫోటోలే మారిపోయాయి. బటన్ సగం నొక్కి ఉంచితే కెమెరా లోపల ఫ్రేములు తీసి దాచుకుంటూ ఉంటుంది. పిట్ట ఎగరగానే పూర్తిగా నొక్కితే, నొక్కడానికి ముందరి క్షణాలు కూడా కార్డులోకి వచ్చేస్తాయి. మనిషి కన్ను చూసి వేలు కదిలేసరికి పావు సెకను దాకా పడుతుంది, పిట్టకి ఆ సమయం చాలు. ఓఎం కెమెరాల్లో దీన్ని ప్రో క్యాప్చర్ అంటారు. ఆర్7లో అర సెకను ముందరివి పట్టే ఏర్పాటుంది. ఏ6700లో ఇది లేదు.

వీడియో గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే అలవాటు ఫోటోలకే ఉన్నవాళ్లు తడబడేది ఇక్కడే. ఎగిరే పక్షి ఫోటోకి షటర్ సెకనులో 2000వ వంతు, చిన్న పిట్టకి 3200వ వంతు పెడతావు. అదే సెట్టింగ్‌తో వీడియో తీస్తే కదలిక తెగితెగి, కంటికి గుచ్చుకున్నట్టు ఉంటుంది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోకి షటర్ 50వ వంతు ఉండాలి, 50 ఫ్రేములకు 100వ వంతు. మిట్టమధ్యాహ్నం ఆ స్పీడ్‌కి వెలుగు మరీ ఎక్కువైపోతుంది కాబట్టి లెన్సు ముందు వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తగిలించాలి. దాన్ని కొనే ముందు లెన్సు ఫిల్టర్ సైజు చూసుకో. ఫోటో నుంచి వీడియోకి మారిన ప్రతిసారీ ఇవన్నీ చేత్తో మార్చుతుంటే పక్షి వెళ్లిపోతుంది. అందుకని ఫోటో సెట్టింగులు వేరుగా, వీడియో సెట్టింగులు వేరుగా గుర్తుపెట్టుకుని, ఒక్క చక్రం తిప్పగానే మారిపోయే బాడీ నీకు అవసరం. ఏ6700లో ఈ ఏర్పాటు చాలా బాగుంది.

వణుకు సంగతి. 600 లెక్కన ఉన్న లెన్సును చేత్తో పట్టి వీడియో తీస్తే నీ ఊపిరి కూడా ఫ్రేములో కనిపిస్తుంది. లెన్సులోనూ బాడీలోనూ రెండుచోట్లా వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ ఉన్న జోడీ తీసుకో. కానన్ ఆర్10, నికాన్ జెడ్50 రెండో తరం బాడీల్లో అది లేదు, లెన్సు మీదే ఆధారపడతాయి. ఫోటోలకి పర్వాలేదు కానీ వీడియో అనుకున్నావు కాబట్టి వాటిని నీ జాబితాలోంచి తీసేస్తున్నాను. వ్యూఫైండర్‌ను కనుబొమకి ఆనించి, మోచేతులు పక్కటెముకలకి అదిమి పట్టు. తేలికైన మోనోపాడ్, అంటే ఒంటికాలి స్టాండు, ఒకటి ఉంటే ఇంకా మంచిది. పక్షి వెంట కెమెరాను తిప్పకు. ఫ్రేము కదలకుండా పది సెకన్లు పట్టి ఉంచు, పక్షి తనంతట తాను ఫ్రేములోంచి వెళ్లనీ. తర్వాత చూసుకున్నప్పుడు అలాంటి ముక్కలే పనికొస్తాయి.

శబ్దం విషయంలో బాడీలో ఉండే మైక్‌ని నమ్ముకోకు. గాలి తగిలితే బరబరమంటుంది, లెన్సు మోటారు చప్పుడు కూడా పట్టేస్తుంది. మైక్ తగిలించే రంధ్రం ఉండాలి, మైక్‌కి బొచ్చు తొడుగు ఉండాలి. లెన్సు దూరాన్ని దగ్గర చేసినట్టు మైక్ చేయదని మాత్రం తెలుసుకో, కూత కావాలంటే నువ్వే దగ్గరుండాలి. కార్డు వీ60 గుర్తు ఉన్నది తీసుకో, పెద్ద సైజు వీడియోలకైతే వీ90. అదనంగా రెండు బ్యాటరీలు.

ఇప్పుడు నా అభిప్రాయం. నీకు ఫోటోలే ముఖ్యమైతే ఆర్7, దానికి ఆర్‌ఎఫ్ 100-400 లెన్సు చెప్పేవాణ్ణి. బాడీ 612 గ్రాములు, లెన్సు 635, కలిపితే కిలో పావు, అందులో 640 ఎంఎం లెక్కన దూరం. వీడియోనే ముఖ్యమైతే ఏ6700, 70-350. కానీ నువ్వు రెండూ సమానమన్నావు, వానలో కూడా తిరుగుతానన్నావు. అందుకని ఓఎం-1, దానికి అదే కంపెనీ 100-400 లెన్సు నా మొదటి మాట. బాడీ 599 గ్రాములు, లెన్సు 1,120, మొత్తం 1,700 పైచిలుకు. వేగంగా చదివే సెన్సార్ ఫోటోకీ వీడియోకీ రెండిటికీ పనికొస్తుంది, బాడీకి నీటి తుంపర్లకు తట్టుకునే ఐపీ53 రక్షణ ఉంది. దానికి 2024లో రెండో వెర్షన్ వచ్చింది. మొదటిది ఎవరైనా జాగ్రత్తగా వాడింది దొరికితే నిస్సంకోచంగా తీసుకో, మిగిలిన డబ్బు లెన్సుకి పెట్టు. ఆ బరువు నీ చేతికి ఎక్కువనిపిస్తే మాత్రం నా మాట పక్కనపెట్టి ఏ6700 కొను.

ఎక్కువా కాదా అన్నది కాగితం మీద తెలియదు. కొనే ముందు రెండు రోజులు అద్దెకు తెచ్చుకో. లెన్సు తగిలించి, కంటికి ఎత్తి, రెండు నిమిషాలు దించకుండా పట్టుకో. చేయి వణకడం ఎప్పుడు మొదలైందో చూసుకో. పొద్దు వాలాక ఒకసారి, పొదల్లో ఒకసారి తీసి చూడు. బొటనవేలు చూడకుండానే ఫోకస్ బటన్ మీదకి వెళ్తోందా? వ్యూఫైండర్‌లో కన్ను అలసిపోతోందా? ఇవి నీకు తప్ప ఇంకెవరికీ తెలిసేవి కావు.

ఎండ ఎక్కాక దూరపు పక్షులు మసకగా వస్తే లెన్సును అనుమానించకు. నేల వేడికి గాలి అలలు అలలుగా కదులుతుంది, ఎంత మంచి గాజైనా దాన్ని దాటి చూడలేదు. ఆ వేళ దగ్గరున్నవాటినే తీయి. గూడు కనబడితే మాత్రం అక్కడ ఆగకు. మనం దగ్గర నిలబడ్డంతసేపూ తల్లి పిట్ట గూటికి రాదు, పిల్లలు ఎండకీ ఆకలికీ మాడిపోతాయి. ఫోన్లో కూత వినిపించి పిలవడం కూడా వద్దు, శత్రువొచ్చాడనుకుని అది తిండి మానేసి వెతుకుతూ తిరుగుతుంది.

కెమెరా చేతికొచ్చాక మొదటి రెండు వారాలు ఎక్కడికీ పోనక్కర్లేదు. కాకులూ పావురాలూ చాలు. ఎగురుతున్న పావురం మీద ఫోకస్ నిలపడం వచ్చిందంటే నీ వేళ్లు సిద్ధమైనట్టే. తీసిన మొదటి వీడియోని ఏమీ దిద్దకుండా, గాలి చప్పుడుతో సహా నాకు పంపు.

నీ
పెదనాన్న