బాబు గుండె ఆపరేషన్ అయిపోయింది, ఇక పాలసీ కట్టేయొచ్చా?

మీ మెయిల్ రెండుసార్లు చదివానమ్మా. మిగతా పాఠకుల కోసం ముందు విషయం చెప్పేస్తా. వీళ్ళ బాబుకి ఏడాదిన్నర, పుట్టిన వారంలోనే టెట్రాలజీ ఆఫ్ ఫాలో (పుట్టుకతో వచ్చే గుండె జబ్బు) అని తేలింది, ఆరో నెలలో ఓపెన్ హార్ట్ సర్జరీ అయింది, ఇప్పుడు గోడలు పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నాడట. ఈవిడ ఉద్యోగం మానేసి ఏడాది దాటింది, భర్త జీతం ఒక్కటే. ఆపరేషన్ అప్పు ఇంకా కొంత క్రెడిట్ కార్డు మీద ఉంది, కొంత ఆయన అన్నయ్య దగ్గర. చేతిలో నాలుగు నెలల ఇంటి ఖర్చుకి సరిపడా డబ్బుంది. తెలిసిన ఏజెంట్ ఒకాయన బాబు పేరు మీద 20 ఏళ్ళ పాలసీ తీసుకోమంటున్నారు, "ఆపరేషన్ అయిపోయింది కదా, ఇక మిగిలిందంతా సేవింగ్సే" అని ఆయన మాట. తీసుకోవాలా వద్దా?

వద్దు. ఎందుకో చెప్తా, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఆ "అయిపోయింది కదా" దగ్గరే లెక్క తప్పింది. టెట్రాలజీలో గుండె కింది గదుల మధ్య గోడకి రంధ్రం ఉంటుంది, ఊపిరితిత్తులకి రక్తం వెళ్ళే దారి ఇరుగ్గా ఉంటుంది, సర్జన్ రంధ్రానికి ప్యాచ్ వేసి ఆ దారిని వెడల్పు చేస్తారు. అలా వెడల్పు చేసినప్పుడు చాలామంది పిల్లల్లో అక్కడ తలుపులా పనిచేసే పల్మనరీ వాల్వ్ పూర్తిగా మూసుకోదు, రక్తం కొంత వెనక్కి కారుతూ ఉంటుంది. పిల్లాడు ఆడతాడు, స్కూలుకెళ్తాడు, చూస్తే ఏ తేడా తెలీదు, కానీ లోపల కుడి గది ఏళ్ళ తరబడి మెల్లగా సాగుతుంటుంది, అందుకే వీళ్ళలో చాలామందికి టీనేజ్‌లోనో పెద్దయ్యాకో ఆ వాల్వ్ మార్చాల్సి వస్తుంది. 2000లో మొదటిసారి ఆ వాల్వ్‌ని ఛాతీ కోయకుండా రక్తనాళంలోంచి క్యాథెటర్ అనే సన్నని గొట్టంతో పెట్టారు, ఇప్పుడు వీలున్నవాళ్ళకి అలాగే చేస్తున్నారు, ఆస్పత్రిలో ఉండే రోజులు బాగా తగ్గుతాయి. కానీ ఆ వాల్వ్ కూడా జీవితాంతం రాదు, కొన్నేళ్ళకి మళ్ళీ మార్చాల్సి రావచ్చు.

భయపెట్టాలని కాదు ఇదంతా చెప్పేది. ఎటునుంచి వచ్చి పడుతుందో తెలీని ఖర్చు వేరు, పదేళ్ళ ముందే ఫలానా వైపు నుంచి వస్తుందని తెలిసిన ఖర్చు వేరు. మీది రెండోది, అంటే తయారవడానికి టైముంది. ఆ డబ్బు తీసుకెళ్ళి 20 ఏళ్ళ పాలసీలో పెట్టి తాళం వేసేస్తే, బాబుకి పదమూడో ఏటో పదిహేనో ఏటో అవసరం పడిందనుకోండి, పాలసీని మధ్యలోనే సరెండర్ చేసి (అంటే వదిలేసి) మన డబ్బు మనమే కోతతో తెచ్చుకోవాలి. ఏజెంట్ గారికి కమిషన్ మాత్రం మొదటి ఏడాది నుంచే వస్తుంది.

అసలు పాలసీ ఎవరి పేరు మీద ఉండాలి? 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో వాల్టన్ లిల్లెహై అనే సర్జన్ పిల్లల గుండె తెరిచి ఆపరేషన్లు చేశాడు. అప్పటికి ఆపరేషన్ జరిగేటప్పుడు గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే హార్ట్ లంగ్ మెషిన్లు ఇంకా నమ్మకంగా పనిచేసేవి కావు, అందుకని తల్లినో తండ్రినో పక్క టేబుల్ మీద పడుకోబెట్టి, ట్యూబులతో కలిపి, ఆపరేషన్ జరుగుతున్నంతసేపు ఆ పెద్దమనిషి గుండే పిల్లకి కూడా కొట్టుకునేలా చేశాడు. మొదటిసారి ఆ మనిషి పిల్లాడి తండ్రే. ఇప్పుడు మీ ఇంట్లో ఆ పక్క టేబుల్ మీద ఉన్నది మీ ఆయన జీతం. దానికి ఇన్సూరెన్స్ ఉందో లేదో మీరు మెయిల్‌లో ఎక్కడా రాయలేదు! ముందు ఆయనకి మామూలు టర్మ్ పాలసీ (గడువులోపు మనిషి పోతేనే ఇంటివాళ్ళకి డబ్బొచ్చేది) తీసుకోండి, ఏడాది ఆదాయానికి కనీసం పది పదిహేను రెట్లు, బాబుకి పాతికేళ్ళు దాటేదాకా. మీ పేరు మీద కూడా ఒకటి, మీకు జీతం లేదు కదా అంటారేమో, మీరు చేసే పనికి మనిషిని పెట్టుకుంటే ఎంతవుతుందో ఒక్కసారి లెక్కేసి చూడండి. పెట్టుబడి, బోనస్, మనీ బ్యాక్ ఏవీ కలపని ఉత్త టర్మ్. ప్రీమియం తక్కువ కాబట్టి దాన్ని మీకెవరూ పెద్దగా అమ్మజూపరు, అదొక్కటే దాని లోపం.

హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే దాన్ని ఒక్క రోజు కూడా ల్యాప్స్ కానివ్వకండి. కొత్తది తీసుకున్నా, కంపెనీ మారినా బాబు ఆపరేషన్ సంగతి ఫారంలో మొత్తం రాసేయండి, ఎవరో "ఆపరేషన్ అయిపోయింది కదా రాయక్కర్లేదు" అంటే వినకండి, దాచిన విషయం క్లెయిమ్ రోజే బయటపడుతుంది. డాక్యుమెంట్‌లో పుట్టుకతో వచ్చిన జబ్బుల గురించి ఏం రాశారో, వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ చేసుకునే ముందు ఆగాల్సిన కాలం) ఎంతో, వాల్వ్ లాంటి ఇంప్లాంట్లకి ఏమైనా లిమిట్ ఉందో, పిల్లాడు ఎన్నో ఏట ఫ్యామిలీ కవర్‌లోంచి బయటికి వస్తాడో చూసి పెట్టుకోండి. ఆఖరిది చాలామంది చూడరు, సరిగ్గా వాల్వ్ మార్చే వయసులోనే కవర్ పోవచ్చు. మీ కవర్ ఆయన ఆఫీసుదే అయితే, ఆయన ఉద్యోగం మారేటప్పుడు రాజీనామా లెటర్ కంటే ముందు కొత్త ఆఫీసు పాలసీ చదవాలి.

ఇక నెలనెలా కారిపోయే డబ్బు. నా దగ్గరికి ఇలాంటి పాపతోనే ఒకాయన వచ్చారు, ఖర్చులన్నీ ఎక్సెల్‌లో పెట్టుకుని, చాలా పద్ధతైన మనిషి. ఆపరేషన్‌కి ఒక గడి, మందులకి ఒకటి, ఎకోకి (గుండె స్కాన్‌కి) ఒకటి, చివర్లో "ఇతరములు". ఏడాది మొత్తం కూడితే ఆపరేషన్ తర్వాత అన్నిటికంటే పెద్ద అంకె ఆ ఇతరములదే. ఇద్దరం కూర్చుని విప్పాం: ఆస్పత్రికి తిరిగిన టాక్సీలు, పార్కింగు, ఆస్పత్రి పక్కన తీసుకున్న గది, క్యాంటీన్, పెద్దమ్మాయిని చూసుకున్నావిడకి ఇచ్చింది, సిరప్ కొలిచే సిరంజీలు, రెండుసార్లు కొన్న పల్స్ ఆక్సీమీటర్ (మొదటిది పెద్దవాళ్ళ వేలికి పెట్టేది, పసిపిల్లలకి పనికిరాదని కొన్నాక తెలిసింది), జీతం కోసిన సెలవులు. ఇన్సూరెన్స్ ఇందులో దాదాపు ఏదీ ఇవ్వదు. కాబట్టి చెకప్‌కి వెళ్ళొచ్చిన ప్రతిసారి ఆ రాత్రే ఆ రోజు మొత్తం ఖర్చు ఒకచోట రాయండి. మూడు చెకప్‌లు అయ్యేసరికి "ఒక ఆస్పత్రి రోజు" మీకెంతలో అవుతుందో తెలుస్తుంది, ఏడాదికి ఎన్ని రోజులో డాక్టర్ చెప్తారు, హెచ్చేసి పన్నెండుతో భాగించి నెలనెలా విడి అకౌంట్‌లో వేసేయండి. ఇంటి ఖర్చుల అకౌంట్‌లో కలిపితే మాత్రం ఉండవు, నా అనుభవం.

అప్పులో ముందు కార్డుది తీర్చండి, దాని వడ్డీకి మీరు పెట్టే ఏ పెట్టుబడీ సాటిరాదు. కానీ ఉన్న నాలుగు నెలల డబ్బూ దానికే ఊడ్చేయకండి, రేపు జ్వరమొచ్చి అడ్మిట్ చేస్తే మళ్ళీ అదే కార్డు గీకుతారు. రెండు నెలలది ఉంచుకుని మిగతాది కట్టేయండి. అది తీరాక, కార్డుకి కట్టే డబ్బుని అలవాటు తప్పకుండా ఉంచుకున్న ఆ రెండు నెలల డబ్బువైపు తిప్పి తొమ్మిది నెలల ఖర్చు అయ్యేదాకా చేర్చండి, అందరికీ ఆర్నెల్లు చెప్తాను, ఒక్క జీతం మీద నడుస్తూ ఇలాంటి బాబున్న ఇంటికి తొమ్మిది. బావగారి అప్పుకి వడ్డీ లేదన్నారు, ఆయన్ని మర్చిపోలేదని తెలిసేలా చిన్న మొత్తమైనా నెలనెలా వేస్తూ ఉండండి, చుట్టరికాలు మొత్తం చూసి కాదు, ఆ పలకరింపు చూసే నిలబడతాయి. ఇవన్నీ ఒక దారిలో పడ్డాక, వాల్వ్ కోసం విడిగా నెలనెలా మొదలుపెట్టండి, పదేళ్ళ పైన టైముంది కాబట్టి ఇప్పుడు ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఫండ్‌లో) ఉన్నా ఫర్లేదు, డాక్టర్ "రెండు మూడేళ్ళలో ఉండొచ్చు" అనగానే అక్కడినుంచి తీసి డిపాజిట్‌లోకి మార్చేయాలి.

మీరు మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళొచ్చా అని చివర్లో ఒక లైను, మొహమాటపడుతూ అడిగినట్టుంది. మీ జీతంలోంచి పిల్లాణ్ణి చూసే ఖర్చు తీసేస్తే ఏమీ మిగలట్లేదు అన్నారు. ఈ ఏడాదికి నిజమే. కానీ ఆ లెక్కలో మీ ఆఫీసు నుంచి వచ్చే రెండో హెల్త్ కవర్ లేదు, ఐదేళ్ళ తర్వాతి జీతమూ లేదు, ఆయన ఉద్యోగం పోతే ఏంటన్నదీ లేదు. పైగా ఆ ఖర్చు మీ జీతంలోంచే ఎందుకు తీశారు, ఇద్దరి జీతాలు కలిపి అందులోంచి తీయాలి కదా. బాబు కార్డియాలజిస్ట్ ఇన్ఫెక్షన్ల సంగతి చూసి సరే అంటే, పార్ట్ టైమో ఇంటినుంచో మొదలుపెట్టండి. గుండె ఆపరేషన్ అయిన పిల్లల్లో కొందరికి మాటలు, నడక, తర్వాత చదువు కొంచెం నెమ్మదిస్తాయి, థెరపీ కావాల్సి రావచ్చు, ఎదుగుదల పరీక్ష ఎప్పుడు చేయించాలో ఆయన్నే అడగండి, దానికీ రెండో జీతం సాయమవుతుంది. పళ్ళ డాక్టర్‌ని మాత్రం వాయిదా వేయకండి, చిగుళ్ళ ఇన్ఫెక్షన్ రక్తంలోంచి గుండెకి చేరితే అయ్యే ఖర్చు ముందు ఆ ఫీజు ఎంత.

మీ రిటైర్మెంట్ డబ్బు తీసి అప్పు కట్టేద్దామన్న ఆలోచన మానుకోండి. మంచి వైద్యం అందే చోట ఇలాంటి పిల్లల్లో పదిమందికి తొమ్మిదిమంది పెద్దవాళ్ళవుతున్నారు, మీ వాడికి ముప్ఫై ఏళ్ళప్పుడు వాడి చెకప్‌ల ఖర్చు వాడికుంటుంది, అప్పుడు మీ ఖర్చు కూడా వాడి మీద పడకూడదు.

వచ్చే చెకప్ ఎప్పుడో రాయలేదు. వెళ్ళినప్పుడు మూడు అడిగి రండి: వాల్వ్ కారడం ఎంతుంది, ఎంఆర్ఐ ఏ వయసులో మొదలుపెడతారు, మళ్ళీ ఆపరేషన్ అవసరమైతే సుమారు ఎప్పుడు అనుకుంటున్నారు. ఆయన చెప్పింది, మీ జీతాల వివరాలు కలిపి పంపండి, వాల్వ్ కోసం విడిగా నెలకి ఎంత వేయాలో లెక్క కట్టి చెప్తాను. ఏజెంట్ గారికి మాత్రం ఈలోగా ఏ సంతకమూ పెట్టకండి.