మ్యూజిక్ టీచర్ కాబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

కేంద్రీయ విద్యాలయంలో మ్యూజిక్ టీచర్ పోస్టుకి ప్రిపేర్ అవుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. సంతోషంగా చెప్తున్నాడో, ఫిర్యాదు చేస్తున్నాడో వాడికే తెలిసినట్టు లేదు. "ఎంఏ సంగీతం చదివి ఒకటో తరగతి పిల్లలకి ప్రార్థన నేర్పుతుందట అక్కా" అన్నాడు. వాళ్ల అక్క ఉద్యోగం చేసినన్నాళ్లూ చేసింది అదేనని గుర్తున్నట్టు లేదు మహానుభావుడికి. ఏడో పే కమిషన్ లెక్కన లెవెల్ 6, బేసిక్ 35,400తో మొదలు అని చెప్పు, కాస్త నెమ్మదిస్తాడు.

ముందు కాగితాలు. 2022 నోటిఫికేషన్లో దేశం మొత్తానికి 303 మ్యూజిక్ పోస్టులు ఇచ్చారు. అలాంటివి ఏటా రావు. వయసు 30 దాటకూడదన్నారు, రిజర్వేషన్ సడలింపులు వేరే. అందుకని "ఇంకో రెండేళ్లు కచేరీలు చేసి చూస్తాను" అనకు. అప్పుడు అడిగింది ఇంటర్లో 50 శాతం, సంగీతంలో బ్యాచిలర్ డిగ్రీ, హిందీలోనూ ఇంగ్లిష్‌లోనూ చెప్పగలగడం. సీటెట్ (కేంద్రం పెట్టే టీచర్ అర్హత పరీక్ష) గానీ బీఎడ్ గానీ అడగలేదు. కానీ నీ బీఏలో సంగీతం మూడు సబ్జెక్టుల్లో ఒకటి కదా, అది "సంగీతంలో డిగ్రీ" కింద లెక్కకొస్తుందా రాదా అన్నది సర్టిఫికెట్ల వెరిఫికేషన్ రోజున తేల్చుకునే విషయం కాదు. ఇప్పుడే యూనివర్సిటీకి వెళ్లి రాతపూర్వకంగా తెచ్చుకో. కొత్త నోటిఫికేషన్ రాగానే అర్హతల పేజీ నువ్వే చదువు, కోచింగ్ వాళ్ల వీడియో చూసి ఊరుకోకు. టెన్త్ సర్టిఫికెట్లో పేరు, ఆధార్లో పేరు ఒకటేనా? చూసుకో. బీఎడ్ ప్రైవేటు స్కూళ్లలో పనికొస్తుంది. మీ నాన్న మరీ పట్టుబడితే చెయ్యి, దానికోసం ఈ పరీక్ష మాత్రం వదలకు.

రాతపరీక్షకి మన కర్ణాటక సంగీతంతో పాటు ఉత్తరాది వాళ్ల హిందుస్తానీ కూడా చదవాల్సిందే. మన పిల్లలు బోల్తా పడేది ఇక్కడే. రాగాల్లో మన మోహనం అంటే వాళ్ల భూప్, కల్యాణి అంటే యమన్, హిందోళం అంటే మాల్కౌంస్ అని హాయిగా పోల్చుకుంటూ పోతారు. తీరా తోడి దగ్గర దెబ్బ తింటారు. మన తోడి స్వరాలు వాళ్ల భైరవి థాట్‌వి (థాట్ అంటే రాగాలకి మూలమైన స్వరాల వరస, మన మేళకర్త లాంటిది). వాళ్ల తోడి మన శుభపంతువరాళికి దగ్గర. మన భైరవి మళ్లీ వేరే. తాళాల్లోనూ అంతే. మనం రూపకం ఆరు అక్షరాలకి వేస్తాం, వాళ్ల రూపక్ ఏడు మాత్రలు. హిందుస్తానీ రాగాల్ని వర్గీకరించిన భాత్‌ఖండే చెప్పిన పది థాట్‌లు, స్వరాలు రాయడానికి ఆయన పెట్టిన స్వరలిపి చేత్తో రాసి నేర్చుకో. హిందీ కూడా రోజూ గట్టిగా చదువు.

ఇంక హార్మోనియం. "కర్ణాటక సంగీతానికి అది పనికిరాదు, గమకం (స్వరాన్ని ఊపడం) పలకదు" అని మీ గురువుగారు అనే ఉంటారు. ఆ మాట అబద్ధం కాదు. ఆలిండియా రేడియో కూడా 1940 నుంచి 1971 దాకా దాన్ని లోపలికి రానివ్వలేదు. కానీ పొద్దున అసెంబ్లీలో వెయ్యి మంది పిల్లలు నిలబడి ఉంటే నీ తంబురా మొదటి వరసకి కూడా వినపడదు. ప్రాక్టికల్‌కీ హార్మోనియమే కావాలి, క్లాసులోనూ అదే కావాలి. నేర్చుకో.

ఇవన్నీ నువ్వెలాగూ చేస్తావు. నేను ఉత్తరం రాయడానికి కూర్చున్నది వేరే దానికోసం.

నాకు తెలిసిన ఒకావిడ, నాకన్నా సీనియర్, వేరే స్కూల్లో మ్యూజిక్ చెప్పేది. గొప్ప గాత్రం. ఐదున్నర శ్రుతిలో, అంటే బాగా ఎత్తులో, తారస్థాయి పంచమం అవలీలగా పట్టేది. వాళ్ల స్కూల్లో ఒక కుర్రాడు ఐదో తరగతి నుంచీ అసెంబ్లీలో సోలో పాడేవాడు. ఎనిమిదికి వచ్చేసరికి వాడికి గొంతులో జీర మొదలైంది. ఆ వయసులో మగపిల్లల స్వరతంతువులు పొడుగై మందమవుతాయి, నిన్నటిదాకా పలికిన స్వరం ఇవాళ పలకదు. అది జబ్బూ కాదు, బద్ధకమూ కాదు. ఆవిడ మాత్రం సాధన తగ్గిందనుకుంది. పోటీలు దగ్గరపడుతున్నాయని పొద్దునా సాయంత్రం కూర్చోబెట్టి అదే ఐదున్నరలో పాడించింది. వాడు ఏం అడగలేదు, పాడాడు.

పోటీ రోజు నేనూ మా పిల్లల్ని తీసుకుని వెళ్లాను. చరణంలో పై షడ్జమం (పై "స") దగ్గర వాడి గొంతు రెండుగా చీలింది. హాల్లో పిల్లలు నవ్వారు. వాడు ఆపలేదు పాపం, మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ చీలింది. కిందికి దిగాక ఆవిడ వాడితో "ఇంత కష్టపడి నేర్పితే నా పరువు తీశావు" అంది. మంచి మనిషే, పిల్లలంటే ప్రాణం పెట్టేది. కాని తన శ్రుతే అందరి శ్రుతి అనుకుంది. మరుసటి ఏడు వాడు డోలక్ వాయిస్తూ కనిపించాడు. పాడట్లేదా అని అడిగితే "నాకు గొంతు లేదు మేడమ్" అన్నాడు.

దీన్ని నీకు ఏ సిలబసూ చెప్పదు. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు నీ గొంతు చూసి ఇస్తారు, ఉద్యోగం నడిచేది పిల్లల గొంతులతో. అందుకని ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల మగపిల్లల దగ్గర ముందు ఏ పాటా మొదలెట్టకు. ఒక్కొక్కడి చేత నాలుగైదు స్వరాలు మెల్లిగా పలికించు. ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ షడ్జమం పెట్టు. పై షడ్జమం దాకా పోని పాటలు వెతుకు, లేకపోతే నువ్వే కట్టు. మారుతున్న గొంతు గురించి క్లాసందరికీ ముందే చెప్పేస్తే నవ్వేవాడు ఉండడు. "నువ్వు ఊరికే పెదాలు కదుపు" అని మాత్రం ఏ పిల్లాడితోనూ అనకు, అన్నావంటే నేనే వచ్చి చెవి మెలిపెడతాను.

రెండోది నీ గొంతు. నా గొంతు ఇప్పుడెలా ఉందో ఫోన్లో వింటూనే ఉన్నావు, రాత్రి ఎనిమిదయ్యేసరికి మాట బయటికి రాదు. నలభై అయిదు మంది మీద అరిచి పీరియడ్ నడిపితే ఇంతే. నువ్వు అరవకు. చప్పట్లతో ఒక తాళం వెయ్యి, వాళ్లు తిరిగి వేసేలోపు క్లాసు దానంతటదే సద్దుమణుగుతుంది. మైకు అడుగు. ఇవ్వకపోతే ప్రిన్సిపల్ గారిని మళ్లీ అడుగు, మొహమాటపడకు. మంచినీళ్ల సీసా బల్ల మీదే పెట్టుకో. మొదటి పోస్టింగ్ ఎక్కడో ఉత్తరాదిన పడొచ్చు. అక్కడ చలికాలం పొద్దున అసెంబ్లీకి మఫ్లర్ లేకుండా వెళ్లావని తెలిస్తే ఊరుకోను.

సంక్రాంతికి రా. నా పాత హార్మోనియం ఉంది, తిత్తి ఒకచోట కారుతోంది గానీ బాగుచేయించి ఉంచుతాను. వచ్చేముందు ఒక రికార్డింగ్ పంపు. నీ పాట వద్దు, నాకు తెలియనిదేం కాదు. మీ వీధిలో నలుగురు పిల్లల్ని పోగేసి, ఏదైనా నేర్పి, వాళ్లు పాడింది పంపు.

మీ నాన్నకి కోపం తగ్గితే ఫోన్ చెయ్యమను.

మీ విజయనగరం అత్తయ్య