పచ్చ పెట్టె దాకా గాజు, ఆపైన రాగి

ప్రతి ఏడూ సెలవుకి ఇంగ్లండు నుంచి తిరుపతి వచ్చేసరికి మా బైరాగిపట్టెడ ఇంటికి సందేహాలు మోసుకుని ఎవరో ఒకరు వస్తారు. ఇదివరకు ఆవకాయ కారకుండా పెట్టెలో ఎట్ల సర్దాలి, కుక్కర్ తీసుకుపోనిస్తారా అని అడిగేవాళ్లు. ఈసారి ఎదురింటి అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చింది. పెళ్లయి ఆరు నెలలు. మొగుడు ముందే వెళ్లి కోవెంట్రీలో ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. తను వచ్చే నెల పోతుంది.

"ఏందక్కా ఇది! మా అత్తగారింట్లో నెట్టు స్పీడు 100 వస్తాది. అక్కడ ఆయనకి 31 దాటడం లేదంట. తీసుకునింది ఫైబరే. ఇంగ్లండు మనకంటే అధ్వానమా?"

నవ్వొచ్చింది గానీ, నవ్వే హక్కు నాకు లేదు. 2013లో నేనూ అదే గుంటలో పడ్డాను. పేరెందుకులే, ఒక కంపెనీ వాళ్లు ఫైబర్ అన్నారు, 'సూపర్‌ఫాస్ట్' అని కూడా తగిలించారు. 18 నెలలకి సంతకం పెట్టేశాను. వచ్చింది 22 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 22 మెగాబిట్లు. మూడుసార్లు ఫోన్ చేసి పోట్లాడాను. చివరికి ఒక మనిషి వచ్చి, గోడలో సాకెట్ విప్పి, రెండు సన్నటి రాగి తీగలు బయటికి లాగి చూపించాడు. "మీ ఇంట్లోకి వచ్చేది ఇదే" అన్నాడు. మరి ఫైబర్ ఏదయ్యా అంటే, కిటికీలోంచి వీధి చివరికి వేలు చూపించాడు.

నేతిబీరకాయలో ఉన్నంత నెయ్యే అందులోనూ ఉంది.

మన దగ్గర ఫైబర్ ఎట్ల వేస్తారో ఈ అమ్మాయీ చూసింది, నేనూ చూశాను. మా ఇంటికి వేసిన రోజు కుర్రాడు కరెంటు స్తంభం మీదినుంచి నల్లతీగ లాగి, మిద్దె పిట్టగోడ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పైతొడుగు వలిచాడు. లోపల ఇంకో పొర. దాన్నీ గీకేస్తే మిగిలింది వెంట్రుక మందాన గాజుపోగు. దాన్ని స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిచి, కొస సమంగా తుంచి, టిఫిన్ డబ్బా అంత మిషన్‌లో పెట్టాడు. చిన్న తెరమీద రెండు కొసలు ఎదురెదురుగా కనిపించాయి. మెల్లగా దగ్గరికి జరిగాయి, ఒక్క మెరుపు, అంతే, రెండూ ఒకటైపోయాయి. "నాకు సూదిలోకి దారం ఎక్కించడానికే ఇంతకంటే జాస్తి సేపు పడతాది" అంది మా అమ్మ.

ఆ గాజు స్తంభం నుంచి నేరుగా హాల్లో టీవీ పక్కన ఉన్న తెల్ల డబ్బాలోకి వచ్చింది. దారిలో ఎక్కడా రాగి ముక్క లేదు. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కూడా అంతే, కరెంటు స్తంభాల మీదే తీగ లాగి, మొదట్లో నెలకి 149 రూపాయలకి 15 ఎంబీపీఎస్ ఇచ్చింది. కోతులు ఊగి తెంపేస్తాయి, గాలివానకి తెగి వేలాడతాయి, అది వేరే సంగతి. తెగినా అది గాజే.

ఇంగ్లండులో కథ వేరు. అక్కడ ఇంటింటికీ ల్యాండ్‌లైన్ తీగ ఎప్పటినుంచో ఉంది. జత రాగి తీగలు. మన ఊళ్లో ఫోను లైను ఉన్న ఇళ్లు ఎన్ని? వీధికి నాలుగు. పాతది లేదు కాబట్టి మనం ఒక్క అంగలో గాజుకి దూకాం. వాళ్లేమో ఉన్నదాన్ని పారేయడం ఎందుకని, టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ నుంచి వీధిలోని పెట్టె దాకా గాజు వేసి, అక్కణ్ణుంచి ఇంటిదాకా పాత రాగినే ఉంచారు. ఆ పెట్టెని మీరు వెళ్లిన రోజే చూస్తారు. ముదురు పచ్చ రంగు, నడుమెత్తు ఇనప బీరువా. ఈ పద్ధతి పేరు ఎఫ్‌టీటీసీ. గాజు ఇంట్లోకే వస్తే ఎఫ్‌టీటీపీ, వాళ్ల మాటల్లో ఫుల్ ఫైబర్. రేణిగుంట దాకా విమానంలో దిగి, అక్కణ్ణుంచి బైరాగిపట్టెడకి ఆటోలో వస్తే ఇల్లు చేరే టైము ఆటోవాడి చేతిలో ఉంటుంది కదా, ఎఫ్‌టీటీసీ అట్లాంటిది.

ఆ చివరి రాగి ముక్క పొడవే మీ స్పీడు. పచ్చ పెట్టె రెండు మూడు వందల మీటర్లలో ఉంటే 70 పైన రావచ్చు. దానిమీద అమ్మే పెద్ద ప్లాను 80. పెట్టె కిలోమీటరు దూరంలో ఉంటే 30కి అటూ ఇటూ. ప్లాను మార్చినా, కంపెనీ మార్చినా అదే రాగి, అదే దూరం కాబట్టి అదే 30. గాజుకి ఈ బాధ లేదు. అందులో పరిగెత్తేది వెలుతురు, కిలోమీటరుకీ రెండు కిలోమీటర్లకీ అది అలిసిపోదు.

మరి దాన్ని ఫైబర్ అని ఎట్ల అమ్మారు? చట్టంగానే అమ్మారు. 2017లో అక్కడి ప్రకటనల సంస్థ ఏఎస్‌ఏ, సగం గాజుని ఫైబర్ అన్నంత మాత్రాన జనం మోసపోరని తేల్చింది. ఇళ్లదాకా గాజు వేసే సిటీఫైబర్ అనే కంపెనీ కోర్టుకి వెళ్లి 2019లో ఓడిపోయింది. నాకైతే ఆ తీర్పు ఇప్పటికీ మింగుడుపడదు. సాకెట్ విప్పించుకుని చూస్తేగానీ నాకే తెలియలేదు, మామూలు మనిషికి ఎట్ల తెలుస్తుంది? 2024 సెప్టెంబరు నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ కొంత దారికి తెచ్చింది. మనం కొనేటప్పుడు ఇచ్చే వివరాల్లో ఇంటిదాకా గాజు ఉంటేనే ఫైబర్, ఫుల్ ఫైబర్ అనే మాటలు వాడాలి.

"మరి మీ ఆయన కాగితంలో ఏముందో చూడమ్మా" అన్నాను. అక్కడ సంతకానికి ముందు కాంట్రాక్ట్ సమ్మరీ అని ఒక చిన్న పత్రం ఇవ్వాలి. వాట్సాప్‌లో తెప్పించి చదివాం. 'పార్ట్ ఫైబర్' అని శుభ్రంగా రాసుంది. అబ్బాయి ముందున్న పార్ట్ మింగేసి ఫైబర్ ఒక్కటే చదువుకున్నాడు. కింద ఇంకో వరస: అంచనా స్పీడు 30 నుంచి 36, కనీస హామీ 28.

ఈ కనీస హామీ అనేది బంగారం లాంటి అంకె. ఆఫ్‌కామ్ స్పీడు నియమావళిలో చేరిన కంపెనీ అయితే, స్పీడు దానికంటే పడిపోయి 30 రోజుల్లో బాగుచేయలేకపోతే, పైసా కట్టకుండా కాంట్రాక్టు వదిలేసి వెళ్లిపోవచ్చు. 2013లో ఈ 30 రోజుల గడువు ఉండుంటే ఆ మూడు ఫోన్లలో అరిచే పని ఉండేది కాదు. కానీ ఈ అబ్బాయి విషయంలో కంపెనీ తప్పేం లేదు. 28 అంది, 31 వస్తోంది. ప్రకటనలో చూసిన అంకె వేరే లెక్క. 2018 మే నుంచి ప్రకటనలో వేసే స్పీడు, రాత్రి 8 నుంచి 10 మధ్య కనీసం సగం మంది కస్టమర్లకి అందేదై ఉండాలి. అంటే మిగతా సగం మందికి అంతకంటే తక్కువ రావచ్చు. మీరు ఏ సగమో ప్రకటన చెప్పదు, కాంట్రాక్ట్ సమ్మరీ చెబుతుంది.

ఆ 31 కూడా నిజమో కాదో చూడాలి. రౌటర్ ఎక్కడ పెట్టాడని అడిగితే కింద, మెట్ల కింది గూట్లో అన్నాడు. కొలిచింది పైన పడగ్గదిలో. పాత ఇంగ్లీషు ఇళ్లలో లోపలి గోడలు కూడా ఇటుకవే ఉంటాయి, వైఫై రెండు గోడలు దాటేసరికి సగం చచ్చిపోతుంది. (మేం తొలి ఏడాది రౌటర్‌ని దేవుడి గూట్లో, ఇత్తడి దీపాల వెనక పెట్టాం. అడగొద్దు.) ల్యాప్‌టాప్‌ని వైరుతో రౌటర్‌కి తగిలించి కొలవమన్నాం. 34 వచ్చింది. అంటే వైఫై తినేసింది మూడే. మిగతాదంతా రాగి.

ఇంకో మెలిక. ఎంబీపీఎస్‌లో బి బిట్, సినిమా ఫైలు జీబీలో బి బైట్. బైటుకి ఎనిమిది బిట్లు. 100 లైనులో సెకనుకి దిగేది పన్నెండున్నర మెగాబైట్లు. 1 జీబీ ఫైలు 100లో 80 సెకన్లకి దిగితే, 34లో దాదాపు నాలుగు నిమిషాలు పడుతుంది. అమ్మానాన్నలతో వీడియో కాల్‌కి నాలుగైదు ఎంబీపీఎస్ చాలు కాబట్టి 34 మరీ పనికిరానిదేం కాదు. కానీ పైకి పంపే స్పీడు చూడండి. ఎఫ్‌టీటీసీలో ఎంత పెద్ద ప్లాను తీసుకున్నా అప్‌లోడు 20 దాటదు, దూరం ఉంటే 5, 6. మన దగ్గర చాలా ప్లాన్లలో కిందికి ఎంతో పైకీ అంతే కాబట్టి ఇది మనకి తట్టదు. ఇంట్లోంచి పనిచేసేవాళ్లు ముందు అడగాల్సింది ఇదే.

అలాగని ఫుల్ ఫైబర్ వేయించుకుంటే తిరుపతికి మాట వెంటనే వచ్చేస్తుందనుకోకండి. లండన్ నుంచి ఇక్కడికి 8 వేల కిలోమీటర్ల పైచిలుకు. గాజులో వెలుతురు వేగం సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు. తీగ తిన్నగా ఉన్నా పోయి రావడానికి 80 మిల్లీసెకన్లు, సముద్రాల చుట్టూ తిరిగొచ్చే తీగకి ఇంకా ఎక్కువ. "వినబడుతోందా, వినబడుతోందా" అని ఇద్దరూ ఒకేసారి అనడం కొంత తగ్గుతుందంతే.

ఇక ఇల్లు వెతుకుతున్నవాళ్లు. పిన్‌కోడ్ లాంటి పోస్ట్‌కోడ్ ఒక్కటే కొట్టి చూస్తే చాలదు, ఒకే వీధిలో ఈ పక్క గాజు, ఆ పక్క రాగి ఉంటుంది. ఆఫ్‌కామ్ చెకర్‌లో ఇంటి నంబరుతో సహా చూడండి. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గోడలు చూడండి. టెలిఫోన్ సాకెట్ ఒక్కటే ఉంటే రాగి. సన్న తీగ వచ్చి చేరిన చిన్న తెల్ల డబ్బా ఉంటే గాజు. మన పాత కేబుల్ టీవీ తీగలా మర తిప్పి బిగించేది ఉంటే అది మూడో రకం, కేబుల్ నెట్. అదీ వేగంగానే వస్తుంది. కొత్తగా గాజు వేయించాలంటే గోడకి చిల్లు పెట్టాలి, ఇంటి ఓనరు ఒప్పుకోవాలి. అద్దె 12 నెలలకి రాసుకుని నెట్‌కి 24 నెలలు సంతకం పెట్టకండి, మధ్యలో వదిలేస్తే మిగిలిన నెలలకి వడ్డిస్తారు. చదువుకోడానికి వెళ్లేవాళ్లకి నా ఓటు నెలనెలా మానుకోగలిగే ప్లానుకే.

అబ్బాయిని పచ్చ పెట్టె దగ్గరికి నడిచి అంగలు లెక్కపెట్టమన్నాం. 1,250 అన్నాడు. కిలోమీటరుకి కాస్త తక్కువ, ఆ 34కి సరిగ్గా సరిపోయింది. ఇంటి నంబరు కొట్టి చూస్తే, వేరే నెట్‌వర్క్ గాజు వాళ్ల గుమ్మం ముందు నుంచే పోతోంది. ఓనరుకి మెసేజ్ పెడితే చిల్లుకి సరేనన్నాడు.

"అయితే కొత్త కంపెనీకి చెబితే వాళ్లే మార్చేస్తారంట కదక్కా?"

మారుస్తారు. 2024 సెప్టెంబరు నుంచి ఆ పద్ధతి వచ్చింది, కొత్తవాళ్లే పాతవాళ్లతో మాట్లాడుకుంటారు. కానీ ఆ మార్పు జరిగే రోజుకి 14 రోజుల గడువు దాటిపోతుంది. ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో తీసుకున్న కాంట్రాక్టుని 14 రోజుల్లోపు మనసు మార్చుకుని రద్దు చేసుకోవచ్చు. వాడుకున్న రోజులకి కడితే చాలు, గడువు దాటితే మిగిలిన నెలలకీ వడ్డిస్తారు. అతను సంతకం పెట్టి అప్పటికి పదకొండు రోజులు. తీగ ముందే ఉంది కాబట్టి లైను తొందరగా తెరిచారు. కొత్తది వచ్చేదాకా వారం పది రోజులు ఫోన్ హాట్‌స్పాట్‌తో సర్దుకోవాలి.

"ఈ రాత్రికే మెయిల్ పెట్టమను" అన్నాను. "ఫోన్ చేస్తే మాటల్లో పెట్టి ఇంకో ప్లాను అంటగడతారు. శుక్రవారంతో గడువు అయిపోతుంది."