వల బాగుచేసే చేతులతో వెళ్ళు

ప్రియమైన తమ్ముడికి,
ప్రభువు నామంలో వందనాలు.

కానుకల లెక్కలో నాలుగు వేలు తగ్గాయనీ, తీసిందెవరో తెలిసిందనీ, ఆదివారం అందరి ముందూ అడిగేస్తాననీ రాశావు. అలా వద్దు. ఈ సాయంత్రమే ఒక్కడివే వెళ్ళు. మత్తయి 18లో ప్రభువు చెప్పిన వరస అదే. ముందు నువ్వూ అతనూ. వినకపోతే ఒకరిద్దర్ని తీసుకెళ్ళు. అప్పటికీ వినకపోతేనే సంఘం.

ఆ వరసను నేను తలకిందులు చేశాను. ఇరవై ఏళ్ళ కిందట ఇక్కడే, ఒడిశా తీరంలోని గోపాలపూర్‌లో, తాగుడులో పడిన ఒక సోదరుణ్ణి ఆరాధన మధ్యలో నిలబెట్టి, ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడానికి, దూరం పెడుతున్నామని చదివాను. ఎవరికీ అర్థం కాకుండా పోకూడదని ఒడియాలో కూడా చదివించాను. అతని కూతురు నాన్న చొక్కా అంచు పట్టుకుని నించుంది. తరవాత చాలా ఆదివారాలు అతను ప్రహరీ అవతల ఇసుకలో కూర్చుని పాటలు విన్నాడు. లోపలికి రమ్మనడానికి మాలో ఒక్కరం బయటికి వెళ్ళలేదు. చివరికి పనికని సూరత్ వెళ్ళిపోయాడు. శిక్ష వేయడం వరకే ఆలోచించాం, తీసేయడం గురించి ఎవరం ఆలోచించలేదు.

ఏప్రిల్ 15 నుంచి మరపడవల వేట ఆపినప్పుడు మన పేటలో వలలు బాగుచేయడం చూశావుగా. వలను ఒళ్ళో వేసుకుని కన్ను కన్నూ వేళ్ళతో తడుముతారు. గట్టిగా ఉన్న కన్ను దగ్గర కొత్త దారం ఎత్తుకుంటారు. ముడి మరీ లాగితే పక్క కన్ను తెగుతుంది. గలతీ 6:1లో తప్పులో చిక్కినవాణ్ణి సాత్వికమైన మనస్సుతో మంచిదారికి తెమ్మన్నచోట ఉన్న గ్రీకు మాటే, మార్కు 1:19లో యాకోబు, యోహాను వలలు బాగుచేసుకుంటున్నారనే చోటా ఉంది.

అతనిలో గట్టిగా ఉన్న కన్నేదో నీకు తెలుసు: ఆదివారపు బడి పిల్లలు అతనంటే ప్రాణం పెడతారు. అక్కణ్ణుంచి మొదలెట్టు. తప్పును మాత్రం తప్పనే చెప్పు. డబ్బు ఎప్పటిలోగా కడతాడో మాట తీసుకో. పెట్టె తాళం కొన్నాళ్ళు వేరేవాళ్ళ దగ్గరుండాలి, లెక్క ఇద్దరు చూడాలి. మళ్ళీ ఎప్పుడు మాట్లాడుకుందామో అప్పుడే చెప్పేయ్. అతను మారాక ఆలస్యం చేయకు. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో పౌలు తొందరపెట్టింది అందుకే: సంఘం శిక్షించిన మనిషిని క్షమించి ఆదరించకపోతే అతను దుఃఖంలో మునిగిపోతాడని.

వెళ్ళేటప్పుడు లెక్కల పుస్తకం చేతిలో పట్టుకెళ్ళకు. వాళ్ళమ్మ టీ ఇస్తే తాగు. ఆ తరవాత అతన్ని ఒడ్డుకు తీసుకెళ్ళి మాట్లాడు.

మీ అన్న